ఒక్క విద్యార్థి, ఆరు సెమిస్టర్లు: బెంగళూరులో బీఎస్సీ చదివే పేద పిల్లలకు సాయం చేయడం ఎలా?

జూన్ వచ్చిందంటే బెంగళూరు తెలుగువాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘మా అపార్ట్‌మెంట్‌లో వంట చేసే ఆవిడ కూతురికి బీఎస్సీలో సీటు వచ్చింది. ఏదైనా చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?’ అని కొందరు. ‘మా ఊరి అబ్బాయి ఇక్కడ కాలేజీలో చేరాడు, ఫీజు కట్టేశాం, ఇంకేం చేయాలి?’ అని మరికొందరు. అందరికీ కలిపి ఒకేచోట జవాబు రాస్తున్నాను. ఇది ట్రస్టులు నడిపేవారి కోసం కాదు. నెల జీతం మీద బతుకుతూ, నలుగురైదుగురు స్నేహితులతో కలిసి ఒక విద్యార్థిని గట్టెక్కించాలనుకునే మామూలు మనుషుల కోసం.

ముందే ఒక మాట చెప్పాలి. ఫీజు కట్టడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. ఫీజు కట్టాక కూడా చదువు ఆగిపోతుంది, దానికి కారణాలు వేరు. బీకాం చదివే అబ్బాయి మధ్యాహ్నానికి కాలేజీ ముగించుకుని దుకాణంలోనో డెలివరీ పనిలోనో నాలుగు డబ్బులు సంపాదించుకోగలడు. బీఎస్సీ అబ్బాయికి ఆ వీలుండదు. మధ్యాహ్నాలు ప్రాక్టికల్స్‌కు పోతాయి, రాత్రిళ్లు ప్రయోగాల రికార్డు రాయడానికి పోతాయి. స్కాలర్‌షిప్ మంజూరైనా కాలేజీ తెరిచిన చాలా నెలలకు గానీ ఖాతాలో పడదు. ఈలోపు మెస్ బిల్లు ఆగదు, పరీక్ష ఫీజు గడువు ఆగదు. అందుకే మీరిచ్చేది ఎంత అన్నదానికంటే ఏ తేదీకి ఇస్తారన్నది ముఖ్యం. కింద చెప్పినవన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

కావలసినవి

- కనీసం ముగ్గురు మనుషులు. ఎనిమిది, పదిమంది ఉంటే ఇంకా మంచిది. ఒక్కరే మోస్తే, ఆ ఒక్కరి ఉద్యోగం పోయిన నెలలోనే విద్యార్థి చదువూ కుంటుపడుతుంది.
- మూడేళ్ల మాట. కర్ణాటకలో 2024–25 నుంచి డిగ్రీ మళ్లీ మూడేళ్లకే వచ్చింది, అంటే ఆరు సెమిస్టర్లు. పదిమంది నెలకు వెయ్యేసి వేసుకుంటే మూడేళ్లకు 3,60,000 రూపాయలవుతుంది.
- లెక్కలు చూసే మనిషి ఒకరు, కాగితాలు చూసే మనిషి ఒకరు. రెండూ ఒకరికే అప్పగించవద్దు.
- విద్యార్థి ఆడపిల్లయితే ఆమెతో మాట్లాడే బాధ్యత మీలోని మహిళకే ఉండాలి. దీనికి ప్రత్యామ్నాయం లేదు.
- విద్యార్థి కాగితాలు: ఆధార్, పది, ఇంటర్ లేదా పీయూసీ మార్కుల జాబితాలు, ఆదాయ, కుల, నివాస ధ్రువపత్రాలు, కాలేజీ ఇచ్చే బోనఫైడ్, ఫీజు రసీదు, బ్యాంకు పాసుపుస్తకం.
- గడువు తేదీలు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం. ఫోనులో రాసుకున్నా సరే, విద్యార్థి దగ్గర కూడా ఒక ప్రతి ఉండాలి.

1. విద్యార్థిని ఎంచుకోండి

ఎవరికి సాయం చేయాలో ఇప్పటికే తెలిస్తే ఇది వదిలేసి రెండో మెట్టుకు వెళ్లండి. తెలియకపోతే దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి వెళ్లి సైన్స్ విభాగాధిపతిని కలవండి. ‘మీ దగ్గర బాగా చదివే పేద విద్యార్థి ఎవరు?’ అని అడిగితే తరగతిలో మొదట ఉన్న పేరే చెబుతారు. ఆ పేరు మీకంటే ముందే మరికొందరికి చేరి ఉంటుంది. దానికి బదులు ‘ప్రాక్టికల్స్‌లో చురుగ్గా ఉండి కూడా ఈ మధ్య కాలేజీకి సరిగా రాలేకపోతున్నది ఎవరు?’ అని అడిగి చూడండి. హాజరు పడిపోవడం చాలాసార్లు ఇంట్లో డబ్బు అయిపోయిందనడానికి గుర్తు. అరవై, డెబ్బై శాతం మార్కులతో నెట్టుకొస్తున్న ఇలాంటి పిల్లలను పెద్ద స్కాలర్‌షిప్పులు పట్టించుకోవు. మీ అవసరం ఉన్నది వాళ్లకే.

ఇంట్లో టీవీ ఉందా, ఫోను ఏ కంపెనీది అని పేదరికాన్ని తూకం వేసే పని పెట్టుకోవద్దు. ఆదాయ ధ్రువపత్రం, అధ్యాపకుల మాట, తల్లిదండ్రులతో ఒకసారి ముఖాముఖి పరిచయం ఉంటే చాలు. ఆ మొదటి పరిచయంలోనే నెలకు ఎంత ఇస్తారో, ఎన్నాళ్లు ఇస్తారో, ఏ ఖర్చులు మీవి కావో స్పష్టంగా చెప్పండి. మార్కులు తగ్గితే సాయం ఆపేస్తామని మాత్రం బెదిరించవద్దు. తెలుగు మీడియం నుంచో కన్నడ మీడియం నుంచో వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్‌లో ఒకటి, రెండు సబ్జెక్టులు తప్పడం వింతేమీ కాదు.

2. ఏ రాష్ట్రం విద్యార్థో తేల్చుకోండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. బెంగళూరులో తెలుగు మాట్లాడే విద్యార్థులు మూడు రకాలు. పావగడ, బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు వైపు నుంచి వచ్చినవారు ఇంట్లో తెలుగే మాట్లాడినా కాగితాల మీద కర్ణాటక వారు. హిందూపురం, మదనపల్లె, కుప్పం నుంచి వచ్చినవారు ఆంధ్రప్రదేశ్ వారు. మూడో రకం కష్టమైనది: పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, రేషన్ కార్డు, ఓటు మాత్రం ఊళ్లో ఉన్న వలస కూలీల పిల్లలు.

కర్ణాటక వారైతే స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో, అంటే అందరూ ఎస్‌ఎస్‌పీ అనే దానిలో, దరఖాస్తు చేయాలి. అందుకు నాడకచేరి, అంటే హోబళి స్థాయి రెవెన్యూ కార్యాలయం, ఇచ్చే కుల, ఆదాయ ధ్రువపత్రాలు కావాలి. వాటి మీద ఆర్‌డీతో మొదలయ్యే నంబరు ఉంటుంది, పోర్టల్ అడిగేది ఆ నంబరునే. ప్రభుత్వ హాస్టళ్లకు విడిగా స్టేట్ హాస్టల్ పోర్టల్ ఉంది, ముందు దానిలో ప్రయత్నించండి. హాస్టల్ సీటు దొరకని వెనుకబడిన తరగతుల విద్యార్థులకు విద్యాసిరి పథకం కింద భోజనం, వసతి ఖర్చుకు నెలకింత అని ఏటా పది నెలలు ఇస్తారు. కర్ణాటక చిరునామా ఉన్న ఆడపిల్లలకు 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం వల్ల ప్రభుత్వ సాధారణ బస్సుల్లో చార్జీ లేదు. ఏసీ బస్సులకు అది వర్తించదు. మగపిల్లలకు సిటీ బస్సులు నడిపే బీఎంటీసీ వారి విద్యార్థి పాసు తీయించండి.

ఆంధ్రప్రదేశ్ వారికి జ్ఞానభూమి, తెలంగాణ వారికి ఈ-పాస్ అనే స్కాలర్‌షిప్ పోర్టళ్లు ఉన్నాయి. అయితే బెంగళూరులోని కాలేజీ ఫీజుకు సొంత రాష్ట్రం నుంచి రీయింబర్స్‌మెంట్ వస్తుందని ముందే మీ లెక్కలో వేసుకోవద్దు. వస్తే మంచిదే, రాకపోయినా చదువు ఆగకుండా ఏర్పాటు చేసుకోండి. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఎక్కడ చదివినా సొంత రాష్ట్రం ద్వారానే అందుతుంది, కుటుంబ ఆదాయం ఏటా 2.5 లక్షలు దాటకూడదు.

కులం విషయంలో ఒక చిక్కు ఉంది. ఒకే కులం రెండు రాష్ట్రాల్లో రెండు జాబితాల్లో ఉండవచ్చు. బోయ, వాల్మీకులు ఆంధ్రలో చాలావరకు బీసీలు, కర్ణాటకలో ఎస్టీలు. వలస వచ్చినంత మాత్రాన కొత్త రాష్ట్రం జాబితా వర్తించదు. ‘ఇక్కడ తీసుకుంటే లాభం’ అని ఎవరో చెప్పారని రెండుచోట్లా ధ్రువపత్రాలు తీయిస్తే తర్వాత ఎమ్మెస్సీ ప్రవేశం దగ్గరో ఉద్యోగం దగ్గరో పిల్లల మెడకు చుట్టుకుంటుంది.

మూడో రకం పిల్లలకు తలుపులు తక్కువే గానీ ఒకటి చాలామంది మరిచిపోతారు. తండ్రి గానీ తల్లి గానీ కట్టడ పనిలో ఉంటే కర్ణాటక భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు చేయించవచ్చు. గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేసి ఉండాలి, వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి. ఆ లేబర్ కార్డు ఉంటే పిల్లల చదువుకు సాయం కోరవచ్చు. తాపీ పనికి పాలమూరు నుంచో అనంతపురం నుంచో వచ్చిన కుటుంబాల్లో ఎంతమందికి ఈ కార్డు ఉందో ఒకసారి అడిగి చూడండి, మీకే తెలుస్తుంది.

3. కాగితాలు, బ్యాంకు ఖాతా చక్కబెట్టండి

దరఖాస్తులు తెరిచేలోపే ఈ పని ముగించాలి. ముందుగా పేరు చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, మార్కుల జాబితాలో పొడి అక్షరంగా ఉండటం మనవాళ్లలో సర్వసాధారణం. ఆధార్‌ను పదో తరగతి మార్కుల జాబితాకు సరిపోయేలా మార్పించండి. మార్కుల జాబితాను ఆధార్‌కు సరిపెట్టాలని చూస్తే బోర్డు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

తర్వాత బ్యాంకు. ‘ఖాతాకు ఆధార్ లింకయింది’ అని బ్యాంకులో చెబితే తృప్తిపడి వచ్చేయవద్దు. ప్రభుత్వం నేరుగా వేసే డబ్బు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ జాబితాలో ఆ ఆధార్‌కు ఎదురుగా ఏ బ్యాంకు నమోదై ఉంటే ఆ బ్యాంకుకే వెళుతుంది. దీన్నే సీడింగ్ అంటారు. విద్యార్థికి మూడు ఖాతాలున్నా సీడింగ్ ఒక్కదానికే ఉంటుంది, చివరగా చేయించినది ఏదో అదే చెల్లుతుంది. సరిచూడటం తేలిక: మై ఆధార్ వెబ్‌సైట్‌లో విద్యార్థి నంబరుతో ప్రవేశించి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే బ్యాంకు పేరు కనిపిస్తుంది. అక్కడ పాత గ్రామీణ బ్యాంకు పేరు కనిపించి, ఆ ఖాతా ఏళ్లుగా వాడకుండా ఉంటే డబ్బు వెనక్కి పోతుంది. వాడుతున్న బ్యాంకుకు వెళ్లి సీడింగ్ దరఖాస్తు ఇచ్చి, కొన్ని రోజుల తర్వాత మళ్లీ చూడండి.

మూడోది ఫోను నంబరు. నెట్ సెంటర్‌లో దరఖాస్తు చేయించినప్పుడు ఆ దుకాణం వాడి నంబరే నమోదైపోవడం మామూలు. మరుసటి ఏడాది రెన్యువల్‌కు ఓటీపీ అతని ఫోనుకు వెళుతుంది, అప్పటికి ఆ దుకాణమే ఉండదు. విద్యార్థి సొంత నంబరే ఇవ్వాలి, మూడేళ్లూ ఆ సిమ్ బతికుండాలి. ఆ రీచార్జి మీ నెలవారీ సాయంలో ఒక ఖర్చుగా రాసుకోండి.

4. స్కాలర్‌షిప్పులకు దరఖాస్తు చేయించండి

ఫారం మీరే నింపేయకండి. పక్కన కూర్చుని విద్యార్థి చేతనే నింపించండి. రెండో ఏడాది మీరు ఊళ్లో లేకపోయినా పని జరగాలి. బీఎస్సీ వారికి పనికొచ్చేవి ఇవి:

*ఇన్‌స్పైర్ ‘షీ’.* కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఇచ్చేది. ‘షీ’ అన్నది స్కాలర్‌షిప్ ఫర్ హయ్యర్ ఎడ్యుకేషన్‌కు పొడి అక్షరాలు, ఆడపిల్లలకే అని కాదు. ఏటా 80,000: అందులో 60,000 విద్యార్థికి, 20,000 వేసవి పరిశోధన ప్రాజెక్టుకు. ఇంటర్‌లో తమ బోర్డులో పైనున్న ఒక శాతంలో ఉండాలి, మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు చేయాలి. భౌతిక, రసాయన, గణిత, వృక్ష, జంతు శాస్త్రాలు, సూక్ష్మజీవశాస్త్రం, స్టాటిస్టిక్స్, ఎలక్ట్రానిక్స్ వంటివి దాని జాబితాలో ఉన్నాయి. బయోటెక్నాలజీ, కంప్యూటర్ సైన్స్ లేవు. అందువల్ల మార్కులు బాగా వచ్చిన పిల్లలు సబ్జెక్టుల కలయిక ఎంచుకునే ముందే ఆ జాబితా చూడాలి. చేరాక చూసి ప్రయోజనం లేదు. సైన్స్ విద్యార్థులకు పరీక్ష పెట్టి ఇచ్చే కేవీపీవై ఫెలోషిప్ గురించి ఇప్పటికీ అడుగుతున్నారు, అది 2022లో ఇన్‌స్పైర్‌లో కలిసిపోయింది.

*సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్.* నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో, అంటే ఎన్‌ఎస్‌పీలో ఉంటుంది. ఇంటర్‌లో 80వ పర్సంటైల్ దాటినవారికి, అంటే తమ బోర్డులో పైనున్న ఇరవై శాతం మందిలో ఉన్నవారికి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే డిగ్రీలో ఏటా 12,000, పీజీలో 20,000. ఏటా రెన్యువల్ చేయాలి, దానికి యాభై శాతం మార్కులు, 75 శాతం హాజరు అడుగుతారు. వేరే స్కాలర్‌షిప్ తీసుకుంటున్నవారికి ఇది రాదు కాబట్టి ఏది పెద్దదో చూసుకుని ఒకటే పట్టుకోండి.

*ప్రైవేటువి.* ప్రభుత్వ బడిలోనే పది, పన్నెండు చదివిన ఆడపిల్లలకు అజీమ్ ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్ ఏటా 30,000 ఇస్తుంది, విద్యార్థిని రాష్ట్రం ఆ ఏటి జాబితాలో ఉందో లేదో చూసుకోండి. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ స్కాలర్‌షిప్ కోర్సు మొత్తానికి రెండు లక్షల వరకు ఇస్తుంది. అది మొదటి సంవత్సరం వారికి మాత్రమే, ఒక ఆన్‌లైన్ పరీక్ష రాయాలి. ఇంట్లో పదో తరగతి పూర్తిచేసిన తమ్ముడో చెల్లెలో ఉంటే బెంగళూరు కేంద్రంగా పనిచేసే సరోజినీ దామోదరన్ ఫౌండేషన్ వారి విద్యాధన్ స్కాలర్‌షిప్ గురించి ఇప్పుడే చెప్పి పెట్టండి. అది పది తర్వాత మొదలవుతుంది.

దరఖాస్తు పంపడంతో పని అయిపోదు. ఎన్‌ఎస్‌పీలో కాలేజీ నోడల్ అధికారి, అంటే స్కాలర్‌షిప్పుల పని అప్పగించిన ఉద్యోగి, ఆన్‌లైన్‌లో ధ్రువీకరిస్తేనే అది ముందుకు కదులుతుంది. చాలా దరఖాస్తులు ఆగిపోయేది ఈ ఒక్కచోటే. పంపిన వారం లోపు ప్రింటు తీసి, కాగితాలు జతచేసి, కాలేజీ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. తర్వాత పోర్టల్‌లో స్థితి మారిందో లేదో వారానికోసారి చూడాలి. ‘లోపం ఉంది’ అని తిప్పి పంపితే సరిదిద్దడానికి ఇచ్చే గడువు తక్కువ.

హెచ్చరిక: ఈ పోర్టళ్లలో దరఖాస్తుకు రుసుము లేదు. ‘మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు పంపండి’ అని ఫోను వస్తే అది మోసమే. ఈ మాట విద్యార్థికే కాదు, తల్లిదండ్రులకూ వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.

5. డబ్బు ఎలా ఇవ్వాలి?

కాలేజీ ఫీజు, పరీక్ష ఫీజు నేరుగా కాలేజీకి కట్టి రసీదు తీసుకోండి. ప్రైవేటు కాలేజీ అయితే కట్టేముందు ప్రిన్సిపల్‌ను కలిసి వాయిదాలు అడగండి. అడిగినవారికి చాలాచోట్ల ఇస్తారు, అడగనివారికి ఎవరూ చెప్పరు.

నెలవారీ ఖర్చు విద్యార్థి ఖాతాకే, ప్రతి నెలా ఒకే తేదీన, బ్యాంకులో తానే వెళ్లిపోయే ఏర్పాటుతో పంపండి. ‘కావలసినప్పుడు అడుగు’ అని మాత్రం అనకండి. ఆత్మగౌరవం ఉన్న పిల్లలు అడగరు, మెస్ మానేస్తారు. పంపిన డబ్బుకు పైసా పైసా లెక్క కూడా అడగవద్దు. ఇంట్లో అమ్మకు జ్వరమొస్తే అందులోంచి ఐదొందలు పంపుతారు. పంపనివ్వండి.

దీనికి తోడు రెండు నెలల ఖర్చుకు సరిపడా మొత్తం పక్కన పెట్టి ఉంచండి. స్కాలర్‌షిప్ ఆలస్యమైనప్పుడు, జబ్బు చేసినప్పుడు, పేయింగ్ గెస్ట్ గది మారాల్సి వచ్చి అడ్వాన్స్ కట్టాల్సినప్పుడు అదే ఆదుకుంటుంది. స్కాలర్‌షిప్ పడ్డాక దాన్ని తిరిగి ఇమ్మని అడగవద్దు, ఎమ్మెస్సీ ఖర్చుకు దాచుకోమనండి.

పన్ను సంగతి రెండు ముక్కల్లో. వ్యక్తికి నేరుగా ఇచ్చిన సాయానికి, 80జీ అనే పేరుతో అందరికీ తెలిసిన ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, అది నమోదైన సంస్థలకు ఇచ్చే విరాళాలకే. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 50,000 మించి అందితే ఆ మొత్తం తీసుకున్నవారి ఆదాయం కింద లెక్కకు వస్తుంది. వేరే ఆదాయం లేని విద్యార్థికి దీనివల్ల మామూలుగా పన్ను పడదు గానీ, రసీదులు, బ్యాంకు వివరాలు దాచి ఉంచండి.

6. వస్తువులు: ఏవి కొనాలి, ఏవి వద్దు

ల్యాబ్ కోటు, రికార్డు పుస్తకాలు, సైంటిఫిక్ కాలిక్యులేటర్, జీవశాస్త్రం వారికి డ్రాయింగ్ సామగ్రి. ఇవి కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే చేతిలో ఉండాలి. కోటు లేదని ప్రయోగశాల బయట నిలబెడితే ఆ హాజరు తిరిగి రాదు. కాలిక్యులేటర్ కొనేముందు పరీక్షలో ఏ రకం అనుమతిస్తారో అడగండి.

పాఠ్యపుస్తకాలు కొత్తవి అక్కర్లేదు. అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల దుకాణాల్లో చాలావరకు దొరుకుతాయి. సిలబస్ కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి, లేకపోతే పాత సిలబస్ పుస్తకం అంటగడతారు. కాలేజీ గ్రంథాలయంలో బుక్ బ్యాంకు ఉందేమో ముందు అడగండి. నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉచితం.

ల్యాప్‌టాప్ మొదటి ఏడాది అవసరం లేదు. దాతలకు ల్యాప్‌టాప్ కొనివ్వడమంటే సరదా, ఎందుకంటే ఫొటోలో బాగుంటుంది. అదే డబ్బు ఏడాది మెస్‌కు ఎక్కువ ఉపయోగం. మూడో సెమిస్టర్ తర్వాత ప్రాజెక్టులు మొదలయ్యాక, మీ ఆఫీసులో మార్చేసిన పాతదాన్ని బాగుచేయించి ఇచ్చినా సరిపోతుంది.

7. చదువులో చేయూత

వారానికి రెండు గంటలు, ఒకే రోజు, ఒకే సమయం. ఇంగ్లిష్ రాక కాదు, ఇంగ్లిష్‌లో సైన్స్ ఒక్కసారిగా మీద పడటం వల్ల పిల్లలు తడబడతారు. దీనికి మంచి మందు తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ పుస్తకాలు. ముందు పాఠాన్ని తెలుగులో చదివి అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లిష్ పుస్తకంలో అదే పేజీ చదివి, చివరికి పైకి చెప్పించండి. ప్రాక్టికల్ వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, అడిగేది నాలుగైదు వాక్యాలే, వాటిని పైకి పలికే అలవాటు లేకనే మార్కులు పోతాయి. ఐఐటీలు, ఐఐఎస్సీ అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటెల్ వీడియో పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే రుసుము.

మీకు సబ్జెక్టు రాకపోయినా ఫరవాలేదు. ‘ఇవాళ ల్యాబ్‌లో ఏం చేశావు, ఎందుకలా చేశారు?’ అని అడిగి వినండి. మధ్యలో ఆపవద్దు.

ఇక మన సాఫ్ట్‌వేర్ సోదరులకు ప్రత్యేకంగా: ‘బీఎస్సీతో ఏమొస్తుంది, కోడింగ్ నేర్చుకో, మా కంపెనీలో పెట్టిస్తా’ అనే మాట మూడేళ్లూ నోట రానివ్వకండి. కుటుంబం అప్పుల్లో ఉండి, విద్యార్థే ఉద్యోగం కావాలంటే అది వేరే సంగతి, అప్పుడు మనస్ఫూర్తిగా చూడండి.

8. ఊళ్లో ఉన్న సైన్సును చూపించండి

బెంగళూరులో ఉండి కూడా చాలామంది బీఎస్సీ పిల్లలు యశవంతపుర దగ్గరున్న ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) గేటు దాటి లోపలికి వెళ్లి ఉండరు. ఏటా ఓపెన్ డే నాడు అందరినీ రానిస్తారు, తీసుకెళ్లండి. బసవనగుడి నేషనల్ కాలేజీలో 1962 నుంచి నడుస్తున్న బెంగళూరు సైన్స్ ఫోరం ఉపన్యాసాలకు టికెట్ లేదు. భౌతికశాస్త్రం మీద ఇష్టమున్నవారికి జవాహర్‌లాల్ నెహ్రూ ప్లానెటేరియం వారి రీప్ వారాంతపు తరగతులు దొరికితే వదులుకోవద్దు. కాలేజీలో చెప్పని లోతు అక్కడ దొరుకుతుంది.

రెండో సంవత్సరంలో ఉండగానే వేసవి పరిశోధన ఫెలోషిప్పులు చూసుకోవాలి. సదాశివనగర్‌లోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు జాతీయ అకాడమీలతో కలిసి నడిపే కార్యక్రమానికి దరఖాస్తులు మామూలుగా నవంబరులోనే ముగుస్తాయి. వేసవి సంగతి వేసవికి ముందు చూద్దామనుకుంటే అప్పటికే ఆలస్యం. అధ్యాపకుల సిఫారసు లేఖ కావాలి కాబట్టి అక్టోబరులోనే వారిని అడగమనండి. ఎంపికైతే భృతి ఇస్తారు గానీ అది చేతికందేలోపు ప్రయాణానికి, గదికి ముందుగా డబ్బు కావాలి. ఆ మొత్తం మీరు సర్దండి.

తరచూ జరిగే పొరపాట్లు

ఐదుగురికి కొంచెం కొంచెం ఇవ్వడం అన్నిటికంటే పెద్దది. మొదటి ఏడాది ఉత్సాహంతో ఐదుగురిని తీసుకుని, రెండో ఏడాది ఇద్దరిని వదిలేస్తే ఆ ఇద్దరి పరిస్థితి ముందుకంటే హీనం. ఒక్కరితో మొదలుపెట్టండి.

చెక్కు అందిస్తూ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం. ఆ గ్రూపులో విద్యార్థి క్లాసుమేట్ తండ్రి కూడా ఉండవచ్చు. దాతలకు తెలియాలంటే ‘మూడో సెమిస్టర్ ఫీజు కట్టాం’ అని పేరు లేకుండా ఒక వాక్యం చాలు.

సాయానికి బదులుగా మీ పిల్లలకు ట్యూషన్ చెప్పించుకోవడం, ఇంటి పనులు చెప్పడం. ట్యూషన్ చెప్పించాలనుకుంటే బయటివారికి ఇచ్చేంత జీతం విడిగా ఇవ్వండి, కాదనే స్వేచ్ఛ కూడా ఇవ్వండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు హామీగా మీ దగ్గర పెట్టుకోవడం. మీరే కాదు, కాలేజీ కూడా పరిశీలించాక వాటిని తిరిగి ఇచ్చేయాలని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నియమం. ఫీజు బాకీ ఉందని బిగబట్టుకుంటే ఆ నియమం చూపి రాతపూర్వకంగా అడగండి.

సరిగ్గా సాగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

మార్కుల కోసం సెమిస్టర్ చివరిదాకా ఆగవద్దు. నెలకోసారి మూడు సంగతులు చూడండి. హాజరు 75 శాతం పైన ఉందా? రికార్డు మీద ఎప్పటికప్పుడు అధ్యాపకుల సంతకం పడుతోందా? పోర్టల్‌లో దరఖాస్తు ఏ దశలో ఉంది? మూడింటికీ ఫోనులో ఒక ఫొటో చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. రికార్డులో సంతకాలు ఆగిపోతే రెండు వారాల్లో హాజరు కూడా పడుతుంది. అప్పుడు తిట్టకుండా కలిసి భోజనం చేయండి, కారణం దానంతటదే బయటికొస్తుంది. ఎక్కువగా అది ఇంటి అప్పు గానీ, ఆడపిల్లయితే పెళ్లి ప్రస్తావన గానీ అయి ఉంటుంది. పెళ్లి మాట వస్తే తల్లిదండ్రులతో వాదనకు దిగవద్దు. ‘డిగ్రీ చేతికి రానివ్వండి, ఖర్చు మాది’ అని గడువు అడగండి. మీరు చెప్పేకంటే కాలేజీ అధ్యాపకురాలి చేత చెప్పిస్తే వింటారు.

9. మూడో సంవత్సరం

ఇక్కడ సాయం తగ్గించవద్దు, పెంచండి. ఐఐటీల్లో, ఐఐఎస్సీలో ఎమ్మెస్సీ తరహా కోర్సులకు దారితీసే జామ్ పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు రుసుము సగం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ-పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. రెండూ రాయించండి, వాటితో పాటు బెంగళూరులోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఒకదానికీ దరఖాస్తు చేయించండి. పాత ప్రశ్నపత్రాలు జామ్ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఉంటాయి. వేలు పోసి కోచింగ్‌లో చేర్చేముందు గత ఐదేళ్లవి గడియారం పెట్టి రాయించి చూడండి.

బీఈడీ చేసి టీచరవుతానంటే అదీ మంచి దారే, చిన్నచూపు చూడకండి.

ఆరో సెమిస్టర్ పరీక్షలకూ ఎమ్మెస్సీ ప్రవేశానికీ మధ్య రెండు, మూడు నెలల ఖాళీ ఉంటుంది. హాస్టల్ ఖాళీ చేయమంటారు, ఊరికి వెళితే ఫలితాలు, కౌన్సెలింగ్ తేదీలు అందవు. ఆ నెలలకూ మీ నెలవారీ డబ్బు పంపుతూ ఉండండి. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టే మొదటి మొత్తానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి దాన్ని ముందే సిద్ధంగా ఉంచండి. కర్ణాటక బయటికి వెళుతుంటే విశ్వవిద్యాలయం నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. ఫలితాలు వచ్చిన రోజే దానికి దరఖాస్తు పెట్టించి, రసీదు ఫొటో తీసి ఉంచుకోండి.